సూక్ష్మఋణ శాఖలందు కంప్యూటరు పద్దులు

మన పాఠశాలలో చదువుకొను పిల్లల తల్లులలో పెక్కుమంది ఏదో యొక కుళువులో సభ్యురాండ్రు. వారమునకో, పక్షమునకో, నెలకో ఒకమారు పొరుగింటి వసారాలో చాప పఱచుకొని కూర్చుండి, కిస్తు సొమ్ము లెక్కించి యిచ్చుట వారికి అలవాటైన పని. ఆ సొమ్ము పుచ్చుకొను ఉద్యోగి చేతిలో మునుపు పెద్ద కాగితపు పట్టీ యుండెడిది. నేడు టాబ్లెటో, సెల్‌ఫోనో యున్నది. అతడు తెరపై వ్రేలితో నాలుగుమారులు తట్టును. మన పేరు ప్రక్కను ఒక గుర్తు పడును. కొంతసేపటికి మన ఫోనునకు ఆంగ్లములో ఒక వార్త వచ్చును. ఆ నాలుగు తట్టులకును, మన అప్పు తీరుటకును నడుమ జరుగుచున్నదేమి? ఈ ప్రశ్నను గత సంవత్సరము తల్లిదండ్రుల సమావేశమున ఒక తల్లి అడిగినది. ఆనాడు రెండు మాటలలో చెప్పి తప్పించుకొన్న సమాధానమును ఇచ్చట కొంచెము విపులముగా చెప్పుటకు పూనుకొనుచున్నాను.

అప్పు లెక్క మనవారికి క్రొత్తది కాదు. నాయకరాజుల కాలమున మదురకు వచ్చి నిలిచినవారును, కోయంబత్తూరు పల్లెలలో ప్రత్తి సేద్యము చేసినవారును, మగ్గముపై బ్రదికిన దేవాంగులును విత్తులకును నూలుకును అప్పు చేయక తప్పినది కాదు. చీటీలు, కుదువలు, దినవసూలు తండల్ మన వీధులందు నేటికిని ఉన్నవి. అధికవడ్డీని నిషేధించుచు తమిళనాడు ప్రభుత్వము 2003లో చట్టము చేసినది; అయినను కందు వడ్డీ అను మాట వాడుకనుండి పోలేదు. ఈ బాధకు విరుగుడుగా 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. 1976లో వంగదేశమున జోబ్రా గ్రామమునందు ముహమ్మద్ యూనస్ ఆచార్యుడు హామీ లేకుండ పేద స్త్రీలకు చిన్న అప్పు లిచ్చు పద్ధతిని ఆరంభించెను. అది 1983లో గ్రామీణ బ్యాంకుగా రూపొందినది. 2006లో ఆయనకును ఆ బ్యాంకునకును నోబెల్ శాంతి బహుమానము లభించెను. మన రాష్ట్రమున 1989లో ధర్మపురి జిల్లాలో మగళిర్ కుళువులు ప్రభుత్వము పూనికతో మొదలైనవి. మదురలో 1990లో కళంజియములు పుట్టినవి; వాటిని పోషించిన ధాన్ ఫౌండేషన్ 1997లో ఏర్పడి మదురనే తన కేంద్రముగా చేసికొన్నది. 1992లో నాబార్డు ఇట్టి కుళువులను బ్యాంకులతో జతపఱచుటకు పూనుకొన్నది.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. కళంజియము వంటి కుళువులో పొదుపు సభ్యురాండ్రది, పద్దులు వారివి, అప్పు ఎవరికి ఈయవలెనో వారే నిశ్చయింతురు. సూక్ష్మఋణ సంస్థ ఇచ్చు అప్పులోనైతే సొమ్ము సంస్థది, నియమములు సంస్థవి. గుంపు కేవలము ఒకరికొకరు పూచీ. మనవారు రెంటిని ‘కుళు లోను’ అనియే పిలుచుచున్నారు. కంప్యూటరు పద్దులు రెండు చోట్లను ప్రవేశించినవి గాని, ఫలితములు ఒక్కటి కావు.

చేతివ్రాత కాలమున ఒక శాఖ దినచర్యను ఊహించి చూడుడు. అయిదుగురు ఉద్యోగులు ఉన్నారనుకొందము. ఒక్కొక్కడు ఉదయమున రెండు సెంటర్లకు పోవును. సెంటరునకు ముప్పదిమంది సభ్యురాండ్రు. దినమునకు మూడువందల కిస్తులు వసూలగును. ప్రతి కిస్తును సభ్యురాలి కార్డులో ఒకమారు, వసూలు పట్టీలో ఒకమారు, శాఖలోని ఆవర్జాలో ఒకమారు వ్రాయవలెను. అనగా తొమ్మిదివందల వ్రాతలు. ఆపై రోజు చిట్టా కట్టవలెను, పెట్టెలోని సొమ్ముతో సరిచూడవలెను, మరునాటి సెంటర్లకు క్రొత్త పట్టీలు తయారు చేయవలెను. పట్టీలో ఒక అంకె జారినచో ఆ తప్పు వారము వారము నడచుచునే యుండును. మధ్యాహ్నమంతయు వ్రాతకే చెల్లిపోగా, సభ్యురాలి ఇంటికి పోయి ఆమె వ్యాపారమెట్లున్నదో కనుగొనుటకు తీరిక యెక్కడిది?

సాఫ్ట్‌వేర్ అనగా ఈ పనికి ముందుగా వ్రాసి పెట్టిన నియమముల సముదాయము. అప్పు మంజూరైన దినముననే అది ఆ అప్పునకు కడపటి కిస్తు వఱకు పట్టిక వేయును: ఏ తేదీన ఎంత, అందులో అసలెంత, వడ్డీయెంత. ఉదయమున మేనేజరు ఆ దినమును ‘తెఱచును’. ఆనాటి పట్టీలు తమంత తామే ఉద్యోగుల టాబ్లెట్లకు చేరును. ఉద్యోగి సెంటరులో వసూలును గుర్తించును. సంకేతము అందని పల్లెలో ఆ లెక్క టాబ్లెటులోనే నిలిచి, సంకేతము దొరకినంతనే శాఖకు చేరును. సాయంకాలము పెట్టెలోని నోట్లను లెక్కించి, ఏ నోట్లు ఎన్నియో నమోదు చేసి, రెండును సరిపడిన పిమ్మటనే దినమును ‘మూయుదురు’. మూసిన దినమును మరల తెఱచి దిద్దుటకు వీలుండరాదు. పొరపాటు జరిగినచో మరునాడు ఎదురుపద్దు వ్రాసి సవరింపవలెనే కాని, పాతపద్దును తుడిచివేయరాదు. మన తాతల ఆవర్జాలలో కొట్టివేసిన అంకె అడుగున కనబడుచునే యుండెడిది గదా, ఇదియు అట్టిదే. మఱియొక నియమము: పద్దు వ్రాసినవాడు వేరు, దానిని ఒప్పుకొనువాడు వేరు. ఉద్యోగి అప్పు దరఖాస్తును ఎక్కించును. మేనేజరు పరిశీలించి ఆమోదించును. సొమ్ము తిన్నగా సభ్యురాలి బ్యాంకు ఖాతాలో పడును. ఒకే చేయి రెండు పనులు చేయకుండ యంత్రమే అడ్డుకొనును.

ఇంత సులువైనచో ఆదినుండియు ఇట్లే ఏల చేయలేదని అడుగవచ్చును. చేయజూచినవారు లేకపోలేదు. తెలంగాణములో, నాటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతమున, విక్రమ్ ఆకుల 1997లో స్వయం కృషి సంగమును స్థాపించెను. ఎస్.కె.ఎస్. అని పేరుపొందిన ఆ సంస్థ 2000 తరువాతి తొలి యేండ్లలో మెదక్ జిల్లాలో ఒక ప్రయోగము చేసినది. సభ్యురాండ్రకు స్మార్టు కార్డులు, ఉద్యోగికి చేతిలో పట్టు చిన్న కంప్యూటరు ఇచ్చిరి. మీటింగు కాలము బాగుగా తగ్గునని తలంచిరి. కాని తగ్గినది కొంచెమే. పరిశీలించి చూడగా, మీటింగులో కాలము పోవుచున్నది వ్రాతవలన కాదు, సొమ్ము లెక్కించుటవలనను మాటలవలనను అని తేలినది. లాభమంతయు శాఖలోని సాయంకాలపు వ్రాతలోనే కనబడినది. ఆ లాభమును శాఖలో నొక సామాన్యమైన కంప్యూటరు పెట్టినను పొందవచ్చును; అందఱికిని ఖరీదైన యంత్రములు పంచనక్కఱలేదు. ఈ అనుభవము నాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. యంత్రము కొనకముందు పని యెక్కడ ఆగుచున్నదో చూడవలెనని కోయంబత్తూరువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1920లో పొల్లాచ్చి పళని నడుమ ఒక్క బస్సుతో ఆరంభించిన జి.డి. నాయుడుగారి ఊరు గదా యిది.

బెంగుళూరులో గ్రామీణ్ కూట అను సంస్థ 2006లో మిఫోస్ అను సాఫ్ట్‌వేరును మొట్టమొదట వాడుకలోనికి తెచ్చినది. దీని ప్రత్యేకత యేమనగా, దాని వ్రాతను ఎవరైనను ఉచితముగా తీసికొని, తమ అవసరమునకు తగినట్లు మార్చుకొనవచ్చును. లక్షలు పోసి సాఫ్ట్‌వేరు కొనలేని చిన్న సంస్థలకు అది ఊతమైనది. దాని సంతతి నేడు ఫినరాక్ట్ అను పేర అపాచీ సంఘము ఆశ్రయమున నడచుచున్నది. ఝార్ఖండులో ప్రదాన్ సంస్థ ‘కంప్యూటర్ మున్షీ’ అను వింత పద్ధతిని నడపినది. కుళువులవారు తమ మీటింగు పద్దుల కాగితమును ఒక పెట్టెలో వేసి పంపుదురు. పల్లెపట్టుననే యున్న మున్షీ వాటిని కంప్యూటరునకెక్కించి, తప్పు లేఱి, తరువాతి మీటింగునకు అచ్చుప్రతి పంపును. కుళువులే అతనికి రుసుము చెల్లించును. అనగా మున్షీ వారి ఉద్యోగి, యజమాని కాడు.

మన మదురలోనే ఇంకొక ప్రయోగము జరిగినదని చాలమంది యెఱుగరు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునుండి వచ్చిన తపన్ పారిఖ్ అను పరిశోధకుడు, 2005 ప్రాంతమున, ఇచ్చటి స్వయంసహాయక సంఘముల సమాఖ్యతో కలసి పనిచేసెను. ఆయన కాగితమును తీసివేయలేదు. సంఘమువారు వాడుకగా నింపు పట్టీపై చిన్న చిన్న గుర్తులు అచ్చువేయించెను. కెమెరా గల సెల్‌ఫోనును ఆ గుర్తుపై చూపినంతనే, ఫోను తమిళములో ‘ఈ సభ్యురాలి పొదుపు ఎంత?’ అన్నట్లు బిగ్గరగా అడుగును. ఉద్యోగిని అంకె నొక్కును. ఆ లెక్క దూరమున నున్న కంప్యూటరునకు పోవును. అంతకుముందే ఆయనయు, ఆయన తోటివారును గమనించిన సంగతి యేమనగా, అక్షరములు చదువలేని పల్లె స్త్రీలు సైతము అంకెలను చక్కగా చదువగలరు, సొమ్ము లెక్కలో తడబడరు. కనుక వాక్యములను చెవికిని, అంకెలను కంటికిని, నమ్మకమునకు కాగితమును విడిచిపెట్టెను. తెరపై ఆంగ్లవాక్యములు పఱచి పెట్టు నేటి యంత్రములకన్న ఇది తెలివైన అమరిక యని నా యభిప్రాయము.

ఇక వడ్డీ సంగతి. యంత్రము లెక్క వేసినంతమాత్రమున మనము వేయరాదని లేదు. 12,000 రూపాయల అప్పు, పండ్రెండు నెలల కిస్తులు, ‘నూటికి 12 వడ్డీ’ అని చెప్పిరనుకొనుడు. మొత్తముపై సంవత్సరమంతటికి వడ్డీ 1,440, కలిపి 13,440, నెలకు 1,120. వినుటకు చవుకగానే యున్నది. కాని మొదటి నెల తరువాత మన చేతిలో 12,000 లేదు గదా! నెలకు వేయి చొప్పున అసలు తీరుచున్నచో, మన వద్ద నిలిచిన బాకీ 12,000, 11,000, 10,000 అని దిగుచు చివరినెలకు వేయి అగును. ఈ పండ్రెండింటిని కూడిన 78,000, సరాసరి 6,500. అనగా సంవత్సరమంతయు మనము వాడుకొన్నది ఆఱువేల అయిదువందలే; దానికి చెల్లించిన వడ్డీ 1,440. నూటికి ఇరువదిరెండునకు పైమాట. మిక్కిలి సూక్ష్మముగా లెక్కించు సాఫ్ట్‌వేరు సుమారు ఇరువదియొకటిన్నర అని చూపును, భేదము స్వల్పమే. ఎనిమిదవ తరగతి బాలిక చేయగల లెక్క యిది. రిజర్వుబ్యాంకు నియమము ననుసరించి, అప్పునకు ముందే ఇచ్చు వివరపత్రమున వార్షికపు శాతమును చూపవలెను. చెప్పిన శాతము వేఱు, పత్రములోని శాతము వేఱుగా నున్నచో కారణ మడుగవలెను.

యంత్రములు బాగుగా పనిచేయుచున్ననే పెద్ద చిక్కు వచ్చిన సంగతి చెప్పవలసియున్నది. 2010 ఆగస్టులో ఎస్.కె.ఎస్. సంస్థ వాటాలు స్టాకు మార్కెటున కెక్కినవి. అదే సంవత్సరము అక్టోబరు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చెను. ఒక్కొక్క కుటుంబము అనేక సంస్థలకు బాకీపడుట, వసూలుదారుల వత్తిడి, ఆత్మహత్యల వార్తలు అందుకు కారణములు. ఆ పిమ్మట రాష్ట్రమంతట వసూళ్లు కుప్పకూలినవి. అంతకు కొలదిదినముల ముందువఱకును శాఖల కంప్యూటర్లు వసూళ్లు దాదాపు సంపూర్ణమనియే చూపుచుండెను. అవి అబద్ధమాడలేదు. ఒక సంస్థ కిస్తు కట్టుటకు మఱియొక సంస్థవద్ద తెచ్చిన సొమ్మైనను, రాలేని సభ్యురాలి బదులు తోటివారు తలా కొంత వేసిన సొమ్మైనను, తెరపై ‘పూర్తిగా చెల్లినది’ అనియే పడును. కిస్తు వచ్చినదా లేదా అను గడి యున్నది. ఎక్కడినుండి వచ్చినదను గడి లేదు. నేటి సాఫ్ట్‌వేర్లలోను ఈ లోపమే అన్నిటికన్న పెద్దదని నా తలంపు.

తరువాత మాలెగాం సంఘము 2011 జనవరిలో నివేదిక నిచ్చినది. అన్ని సంస్థల అప్పులను ఒకచోట చేర్చి చూపు పరపతి సమాచార సంస్థలు సూక్ష్మఋణములకును విస్తరించినవి. ఇప్పుడు దరఖాస్తు ఎక్కించిన కొన్ని క్షణములలోనే, ఆ కుటుంబమునకు ఇతరచోట్ల ఎన్ని అప్పులున్నవో శాఖకు తెలియును. రిజర్వుబ్యాంకు 2022 మార్చి 14న జారీచేసిన నియమములు ఆ సంవత్సరము ఏప్రిలు 1నుండి అమలునకు వచ్చినవి. వాటి ప్రకారము, సంవత్సరాదాయము 3 లక్షలకు మించని కుటుంబమునకు హామీ లేకుండ ఇచ్చునదే సూక్ష్మఋణము. అన్ని అప్పుల కిస్తులును కలిపి నెలసరి ఆదాయములో సగమునకు మించరాదు. నెలకు ఇరువదివేలు సంపాదించు కుటుంబమునకు పదివేలు హద్దు. హద్దు దాటినచో సాఫ్ట్‌వేరు దరఖాస్తును నిలిపివేయును. ముందుగా తీర్చినందుకు అపరాధరుసుము లేదు. ఉదయము తొమ్మిదికి ముందుగాని, సాయంకాలము ఆఱు దాటిన పిమ్మటగాని వసూలునకై వేధింపరాదు. 2025 ఏప్రిలులో మన తమిళనాడు శాసనసభయు బలాత్కార వసూళ్లను అరికట్టుటకు బిల్లు నామోదించినది. కాని తండల్ అప్పు, చీటీ బాకీ, అంగడి యరువు ఏ కంప్యూటరునకును కనబడవు. ఆ లెక్క ఇంటివారికే తెలియును.

మనవంటి భాషాల్పసంఖ్యాకులకు ప్రత్యేకముగా తగులు చిక్కు పేర్లలో నున్నది. తమిళలిపిలో క-గలకు ఒకే యక్షరము, ప-బలకు ఒకే యక్షరము. కనుక వేంకటమ్మ ఒక పత్రమున ‘వెంగటమ్మాళ్’ అగును; బాలమ్మ ‘పాలమ్మ’ అగును. ఇంటిపేరు జారిపోయి తండ్రి పేరులోని మొదటి యక్షరము ముందునకు వచ్చును. పెండ్లియైన పిదప అది భర్త పేరులోని యక్షరముగా మారును. ఈ పత్రములనుండి ఆంగ్లమునకు మార్చునప్పుడు ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క విధముగా వ్రాయును. పరపతి సమాచార సంస్థ కంప్యూటరు పేరు, పుట్టిన తేదీ, చిరునామా, గుర్తింపుసంఖ్యలు పోల్చి మనిషిని గుర్తించునది. ఒకే స్త్రీ రెండు పేర్లతో ఇద్దఱుగా నిలుచుటయు, ఇరువురు స్త్రీలు ఒకరుగా కలిసిపోవుటయు సంభవమే. ఆధారు కార్డు, వోటరు కార్డు, బ్యాంకు పుస్తకము — మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి అక్షరమక్షరము సరిచూచుకొనుట సాయంకాలము చదువుకొను పిల్లలకు అప్పగింపదగిన పని.

రెండేండ్ల క్రిందట మా వీధిలో ఒక గృహిణికి ఇట్టి యిబ్బందియే కలిగినది. సంకేతము లేనిచోట ఉద్యోగి రెండు కిస్తులు పుచ్చుకొని టాబ్లెటులో గుర్తించెను. అది శాఖకు చేరకముందే టాబ్లెటు చెడిపోయినది. ఆరు నెలల పిదప కుమారుని చదువునకై మఱియొకచోట అప్పు కోరగా, రెండు కిస్తులు బాకీయని చెప్పి త్రోసిపుచ్చిరి. ఫోనునకు వచ్చిన ఆంగ్లవార్తలను ఆమె చదువనేలేదు. ఆ రెండు వారములు వార్త రాలేదన్న సంగతియు గమనింపలేదు. ఆమెను కాపాడినది అప్పు కార్డు. అందులో రెండు కిస్తులకు ఉద్యోగి చేవ్రాలు తేదీతో సహా యుండెను. దానిని నేను వెంటబెట్టుకొని శాఖకు పోతిని. పద్దు సవరించిరి. అయితే పరపతి నివేదికలోని మచ్చ పోవుటకు ఇంకను రెండునెలలు పట్టెను. ఆలోగా కళాశాలలో రుసుము కట్టు గడువు దాటిపోయినది.

ఆ కార్డు దయతో ఇచ్చునది కాదు. పైన చెప్పిన 2022 నియమములందే, అప్పు తీసికొన్నవారికి అర్థమగు భాషలో కార్డు నీయవలెననియు, ప్రతి కిస్తు ముట్టినట్లును, కడపట అప్పంతయు తీరినట్లును దానిపై వ్రాసి యీయవలెననియు ఉన్నది. అర్థమగు భాష అనగా ఏది? తమిళము చదువగలవారు మనలో ఎక్కువ. వారికి తమిళపు కార్డు చాలును. తెలుగు మాత్రమే చదివిన పెద్దవారు తెలుగులో కోరవచ్చును. యంత్రమునకు తెలుగు రాదను సాకు చెల్లదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంపుటముననే తెలుగు లిపి చేరినది. అంకెలు ఏ భాషలోనైనను ఒక్కటే. పరపతి నివేదికను సంవత్సరమున కొకమారు ఉచితముగా పొందుటకు ప్రతివారికిని హక్కు కలదు. అందులో తప్పున్నదని వ్రాసిన 30 దినములలో సవరింపనిచో, ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున పరిహార మీయవలెనని రిజర్వుబ్యాంకు 2023 అక్టోబరులో ఉత్తరువిచ్చినది.

ఈ సంవత్సరపు తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చునప్పుడు తల్లులు తమ అప్పు కార్డులను వెంట తెచ్చుకొనవలెనని కోరుచున్నాను. పేర్లు కప్పిపెట్టి, ఎనిమిదవ తరగతి పిల్లలచేత ఆ లెక్కలను నల్లబల్లపై చేయించి చూపెదము.